మూడో రిచర్డ్ పతనం అసలు ఎక్కడ మొదలైంది?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. ఈ నెల మన గ్రూపులో షేక్‌స్పియర్ 'మూడో రిచర్డ్' పెట్టుకున్నాం కదా, చదవడం పూర్తయింది. హామ్లెట్ తర్వాత ఆయన నాటకాల్లో ఇదే పొడుగైనదట. నాకైతే ఎక్కడా బోరు కొట్టలేదు.

నా ప్రశ్న ఒక్కటే. నాటకంలో సగం దాకా ఈ రిచర్డ్, ఇంగ్లండు రాజుగారి తమ్ముడు, పట్టిందల్లా బంగారం. ఇంకో అన్న క్లారెన్స్‌ని జైల్లో చంపించాడు. తాను చంపినవాడి భార్య ఆన్‌నే, ఆమె మామగారి శవం పక్కన నిలబడి పెళ్ళికి మెత్తబరిచాడు. హేస్టింగ్స్ ప్రభువు పొద్దున నవ్వుకుంటూ మీటింగుకి వచ్చాడు. ఆయన తల చూసేదాకా భోజనం చెయ్యనని రిచర్డ్ ఒట్టు పెట్టుకున్నాడు, భోజనం వేళకి తల వచ్చింది. మూడో అంకం ముగిసేసరికి కిరీటం చేతికి అందింది. తీరా సింహాసనం ఎక్కాక రెండు అంకాల్లో అంతా ఖతం. అంత తెలివైనవాడు అంత తొందరగా ఎలా కూలిపోయాడు? బాస్‌వర్త్ యుద్ధంలో ఓడిపోయాడని మాత్రం చెప్పకండి, అది చివర జరిగింది. బీట ఎక్కడ పడింది?

సందేహాలరావు
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ, లండన్ టవర్ జైల్లో అన్నగారి కొడుకులు, ఆ ఇద్దరు పిల్లల్ని చంపించడమే. చరిత్ర ప్రకారం పెద్దవాడికి 12 ఏళ్ళు, చిన్నవాడికి 9. అప్పటిదాకా చచ్చినవాళ్ళలో చాలామంది చేతులకి ఏదో ఒక రక్తం అంటుకునే ఉంది, అందుకే మనం కూడా నవ్వుకుంటూ చూశాం. పిల్లల జోలికి వెళ్ళేసరికి మనసు విరిగిపోతుంది. చంపడానికి వెళ్ళిన ఇద్దరు కిరాతకులూ ఏడ్చారని వాళ్ళని పంపిన టిరెల్ చెప్తాడు చూడండి. పిల్లలిద్దరూ ఒకరినొకరు కావలించుకుని పడుకున్నారట, దిండు మీద ప్రార్థన పుస్తకం ఉందట. అది విన్నాక ఇంక వాడు బాగుపడాలని ఎవరికి ఉంటుంది?

కృష్ణవేణి
రావు గారూ, హత్య కంటే దానికి ముందు జరిగిన సంభాషణ నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. డిగ్రీ పిల్లలకి ఈ నాటకం చెప్పిన ప్రతిసారీ నేను ఆగేది నాలుగో అంకం రెండో రంగం దగ్గరే.

పట్టాభిషేకం అయ్యాక మొదటిసారి మన ముందుకు వస్తాడు. అప్పటిదాకా తన కుట్రలకి కుడిభుజంగా ఉన్న బకింగ్‌హామ్ చెయ్యి పట్టుకుని సింహాసనం ఎక్కుతాడు. కూర్చోగానే అడిగేది ఏమిటి? ఈ వైభవం ఒక్కరోజుదా, నిలుస్తుందా అని. పండగ పూట ఎవరైనా అలా అడుగుతారా! తర్వాత, టవర్‌లో ఉన్న పిల్లల్లో పెద్దవాడు, చిన్న ఎడ్వర్డ్ ఇంకా బతికే ఉన్నాడని ఊరికే అన్నట్టు అంటాడు. బకింగ్‌హామ్ అర్థం కానట్టు ఉండిపోతాడు. మూడు అంకాలపాటు కనుసైగతో పనులు జరిపించుకున్న మనిషి ఇప్పుడు నోరు తెరిచి, ఆ పిల్లలు చావాలి, అది వెంటనే జరగాలి అని చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు కూడా అవతలివాడు కొంచెం ఊపిరి తీసుకోనివ్వండి ప్రభూ అని బయటికి జారుకుంటాడు. రాజుగారికి కోపం వచ్చింది, పెదవి కొరుక్కుంటున్నారు అని పక్కనున్న కేట్స్‌బీ గొణుగుతాడు. తన ముఖం మీద ఏ భావం కనిపించాలో తానే నిర్ణయించుకునేవాడు అంతకుముందు. ఇప్పుడు ముఖం చూసి నౌకర్లు మనసు చదివేస్తున్నారు.

బకింగ్‌హామ్ తిరిగొచ్చి, మీరు మాటిచ్చిన హెర్‌ఫర్డ్ జాగీరు సంగతేమిటని అడుగుతాడు. రాజు వినిపించుకోడు. తన సింహాసనానికి పోటీదారైన రిచ్‌మండ్ రాజవుతాడని ఎప్పుడో ఎవరో చెప్పిన జోస్యం గురించి తనలో తాను గొణుక్కుంటాడు. మధ్యలో టైమెంత అని అడుగుతాడు. పది కొట్టబోతోందంటే, కొట్టనీ అంటాడు. చివరికి, ఇవాళ నాకు ఇచ్చే మూడ్ లేదు అని లేచి వెళ్ళిపోతాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం లోకంలో ఉన్నదే. ఈయన ముందు ఇంకో ఏరు ఉండగానే తగలేశాడు.

నాటకాలరాయుడు
మేడమ్ చెప్పింది బాగుంది. వేదిక మీద నిలబడినవాడిగా నాకు ఇంకోటి కనిపిస్తుంది. మొదటి మూడు అంకాల్లో రిచర్డ్ మనతో మాట్లాడతాడు. తెర లేవగానే ఒంటరిగా వచ్చి, యుద్ధం అయిపోయింది, అందరూ ఆటపాటల్లో పడ్డారు, అద్దంలో చూసుకునే ముఖం కాదు నాది, కాబట్టి దుర్మార్గుడిగానే ఉండాలని తీర్మానించుకున్నా అని మనకే చెప్తాడు. జైలుకి వెళ్తున్న క్లారెన్స్‌కి విడిపిస్తానని మాటిచ్చి, ఆయన అటు తిరగగానే, నీ ఆత్మని త్వరలో స్వర్గానికి పంపిస్తాలే అంటాడు. ఆన్ వెళ్ళిపోయాక, ఇలాంటి పరిస్థితిలో ఏ ఆడదాన్నైనా ఎవడైనా గెలుచుకున్నాడా అని మనల్నే అడుగుతాడు. మయసభ ఏకపాత్ర వేసినవాళ్ళకి తెలుస్తుంది, ముందు వరస జనం కళ్ళలోంచే నటుడికి ఊపు వస్తుంది. రిచర్డ్ బలమంతా అదే. మనల్ని కుట్రలో భాగస్వాముల్ని చేశాడు. కిరీటం వచ్చాక మనం కూడా అక్కర్లేకపోయాం.

కర్నూలు_కుర్రోడు
అన్నా, నాలుగో అంకంలో కూడా స్వగతాలు ఉన్నాయి కదా. ఇంతదాకా రక్తంలో దిగాక ఒక పాపం ఇంకో పాపాన్ని లాక్కొస్తుంది అనే మాట అక్కడిదే. మన భాషలో నిండా మునిగినవాడికి చలేమిటి అన్నమాట.

నాటకాలరాయుడు
ఉన్నాయి తమ్ముడూ, పైకి చదివి చూడు. క్లారెన్స్ కొడుకుని బంధించా, కూతుర్ని ఎవడికో తక్కువవాడికి కట్టబెట్టా, పిల్లలు పోయారు, ఆన్ పోయింది, ఇంక అన్న కూతుర్ని చేసుకోవాలి. పద్దు రాసుకుంటున్నట్టు ఉంటుంది. మనకి కన్ను కొట్టడం ఎక్కడుంది అందులో? అన్న కూతురంటే మన లెక్కలో సొంత కూతురే, ఆ మాట వచ్చేసరికి మా ఆవిడ పుస్తకం మూసేసింది.

పాతపుస్తకాలు
అందరూ రాజులూ ప్రభువులూ అంటున్నారు. నన్ను ఒక గుమస్తా గురించి మాట్లాడనివ్వండి.

మూడో అంకం ఆరో రంగం. మొత్తం 14 పంక్తులు. నాటకం వేసేవాళ్ళు నిడివి తగ్గించాలంటే ముందు కత్తెర పడేది ఇలాంటివాటికే. చేతిలో కాగితంతో ఒక దస్తూరి రాసేవాడు వస్తాడు. అతనికి పేరు కూడా లేదు. ఆ కాగితం హేస్టింగ్స్ మీద నేరారోపణ పత్రం, ఆ రోజు సెయింట్ పాల్స్ చర్చి దగ్గర జనానికి చదివి వినిపించాలి. అతను లెక్క చెప్తాడు. నిన్న రాత్రి కేట్స్‌బీ దీని చిత్తుప్రతి పంపాడు. అందంగా తిరగరాయడానికి నాకు 11 గంటలు పట్టింది. ఆ చిత్తు రాయడానికీ అంతే పట్టి ఉంటుంది. మరి 5 గంటల క్రితం దాకా హేస్టింగ్స్ ఏ నేరమూ మోపబడకుండా, విచారణ లేకుండా, హాయిగా తిరుగుతున్నాడే!

అంటే తీర్పు ముందు, నేరం తర్వాత. దాన్ని పట్టుకున్నది మంత్రీ కాదు, బిషప్పూ కాదు. అక్షరాలు దిద్దుకునే మనిషి, తన పని గంటలు తాను లెక్కవేసుకుని పట్టుకున్నాడు. ఇంత బాహాటమైన మోసం కనిపించనంత మొద్దు ఎవడు, కనిపించిందని చెప్పేంత ధైర్యం ఎవడికుంది అనుకుంటూ వెళ్ళిపోతాడు.

ఆ వెంటనే వచ్చే రంగంలో లండన్ పురమందిరం గిల్డ్‌హాల్లో జరిగిన మీటింగు సంగతి బకింగ్‌హామ్ వచ్చి చెప్తాడు. రిచర్డ్ రాజు కావాలని తాను ఊదరగొడితే జనం నోరు మెదపలేదట, రాతి బొమ్మల్లా ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని పాలిపోయారట. చివరికి హాలు వెనక నిలబడిన మన మనుషులే ఓ పదిమంది టోపీలు ఎగరేసి జై కొట్టారు, దాన్నే ప్రజాభిప్రాయం అని చెప్పి బయటపడ్డాను అంటాడు. కాబట్టి నా ఓటు ఇక్కడికి. ఎవరూ నమ్మలేదు. నమ్మినట్టు ఉండిపోయారంతే. అప్పటిదాకా ఎవరూ అతన్ని ఎదిరించకపోవడం వల్ల మనకి బలంగా కనిపించాడు.

కర్నూలు_కుర్రోడు
ఆ టోపీలు ఎగరేసిన పదిమంది దగ్గర నవ్వు ఆపుకోలేకపోయా. సభకి లారీల్లో జనాన్ని తోలడం అప్పుడే ఉందన్నమాట. దాని తర్వాత ఇద్దరు బిషప్పుల మధ్య ప్రార్థన పుస్తకం పట్టుకుని మేడమీద నిలబడి, వద్దు వద్దు నాకు రాజ్యం వద్దు అనే సీన్ అయితే పీక్స్.

లెస్టర్_తెలుగమ్మాయి
చదువుతుంటే ఆగలేక రాస్తున్నాను. నేనుండేది లెస్టర్‌లో. రిచర్డ్ ఎముకలు దొరికింది ఈ ఊళ్ళోనే, 2012లో, ఒక కార్ పార్కింగ్ కింద. ఒకప్పుడు అక్కడ గ్రేఫ్రయర్స్ అనే మఠం ఉండేది. అతని అక్క వంశంలోని వాళ్ళ డీఎన్‌ఏతో పోల్చి, అతనేనని 2013లో ప్రకటించారు. 2015 మార్చిలో ఇక్కడి కెథడ్రల్‌లో మళ్ళీ పూడ్చారు. సమాధి మీద లేత రంగు రాయి, దాని మీద లోతుగా చెక్కిన శిలువ. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్ళి చూపిస్తుంటా.

వెన్నెముక నిజంగానే పక్కకి వంగి ఉంది, కానీ నాటకంలో చెప్పిన ఎండిపోయిన చెయ్యి లేదు. పుర్రె మీద గాయాలు చూస్తే తలమీద హెల్మెట్ లేకుండానే చివరి దెబ్బలు తిన్నాడంటారు. వయసు 32. రాజుగా ఉన్నది 1483 జూన్ నుంచి 1485 ఆగస్టు దాకా.

నాటకం చేసిన చేర్పులు కూడా తక్కువేం కాదు. క్లారెన్స్‌కి 1478లో మరణశిక్ష వేయించింది వాళ్ళ అన్న నాలుగో ఎడ్వర్డే. శాపాలు పెట్టే ముసలి రాణి, ఆరో హెన్రీ భార్య మార్గరెట్ 1482లోనే ఫ్రాన్సులో చనిపోయింది, అంటే రిచర్డ్ రాజయ్యేనాటికి ఆమె లేదు. దీనికి ముందు వచ్చే ఆరో హెన్రీ నాటకంలో సెయింట్ ఆల్బన్స్ యుద్ధంలో రిచర్డ్ కత్తి తిప్పుతాడు, ఆ యుద్ధం జరిగిన 1455లో అతనికి ఇంకా మూడేళ్ళు నిండలేదు! 1484లో అతను పెట్టిన పార్లమెంటు, రాజులు జనం దగ్గర బలవంతంగా కానుకల పేరుతో డబ్బు గుంజడాన్ని రద్దు చేసింది. నియంత అనే ముద్ర ఎవరు వేశారో కూడా చూడాలి కదా.

పాతపుస్తకాలు
ఎవరు వేశారో తేలికే అమ్మా. నాటకం రాసింది 1590ల మొదట్లో, అచ్చయింది 1597లో. అప్పుడు సింహాసనం మీదున్న మొదటి ఎలిజబెత్, రిచర్డ్‌ని చంపి రాజైన రిచ్‌మండ్‌కి సొంత మనవరాలు. షేక్‌స్పియర్‌కి దొరికిన చరిత్రలన్నీ రిచ్‌మండ్ వంశంవాళ్ళు, ఆ ట్యూడర్ల నీడలో రాసినవే. అయినా ఒక సంగతి గమనించండి, మంచివాడైన రిచ్‌మండ్ మాటలు ఎవరికీ గుర్తుండవు. చెడ్డవాడికి మాత్రం ప్రాణం పోశాడు.

మోడరేటర్
చరిత్రలో రిచర్డ్ మంచివాడా కాదా అన్నదానికి వేరే థ్రెడ్ తెరిచాను, అక్కడ కొట్టుకోండి. లెస్టర్ గారి పోస్టు ఇక్కడే ఉంచుతున్నాను. మిగతావాళ్ళు నాటకం మీదే ఉండాలని మనవి.

మల్లెపందిరి
ఇంతసేపు ఆడవాళ్ళ ఊసెత్తినవాళ్ళు ఎవరూ లేరు, ఆన్ పెళ్ళి తప్ప. నాలుగో అంకం నాలుగో రంగం మళ్ళీ చదవండి.

భర్తనీ కొడుకునీ పోగొట్టుకున్న మార్గరెట్, టవర్‌లో కొడుకుల్ని పోగొట్టుకున్న రిచర్డ్ వదిన ఎలిజబెత్, రిచర్డ్ కన్నతల్లి ముగ్గురూ నేలమీద కూర్చుని ఏడుస్తారు. ఇన్నాళ్ళూ వీళ్ళు ఒకరికొకరు శత్రువులు. నాకు ఒక ఎడ్వర్డ్ ఉండేవాడు, రిచర్డ్ చంపాడు, నీకూ ఒక ఎడ్వర్డ్ ఉండేవాడు, రిచర్డ్ చంపాడు అని వరసగా లెక్క చెప్పుకుంటారు. ఎలా శపించాలో నాకూ నేర్పమని ఎలిజబెత్ మార్గరెట్‌ని అడుగుతుంది. రిచర్డ్ సైన్యంతో అటు వస్తే తల్లీ వదినా దారికి అడ్డం నిలబడతారు. అప్పుడు వాడేం చేస్తాడో తెలుసా? డప్పులు కొట్టండి, బూరలు ఊదండి, ఈ ఆడవాళ్ళ మాటలు దేవుడికి వినపడకూడదు అంటాడు. మాటలతో లోకాన్ని ఆడించినవాడికి ఇద్దరు ఆడవాళ్ళకి చెప్పడానికి మాట దొరకలేదు! నీ బతుకు రక్తం, నీ చావూ రక్తమే అని తల్లి శపించి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కనిపించదు.

అసలు దెబ్బ దాని తర్వాత పడుతుంది. ఎలిజబెత్‌ని ఆపి, నీ కూతుర్ని నాకివ్వు అని బేరం పెడతాడు. ఆన్ దగ్గర పనిచేసిన కిటుకులే. ఆవిడ ఒక్కొక్క మాటా తిప్పికొడుతుంది. వాడు దేనిమీద ఒట్టేయబోతే అది నువ్వు ఎప్పుడో మైలపరిచావు అంటుంది. చివర్లో సరే, కూతురితో మాట్లాడతానన్నట్టు వెళ్ళిపోతుంది. తెలివితక్కువ ఆడది, ఇట్టే కరిగిపోయింది అని వాడు నవ్వుకుంటాడు. తర్వాతి రంగంలోనే తెలుస్తుంది, ఆవిడ కూతుర్ని రిచ్‌మండ్‌కి ఇవ్వడానికి సంతోషంగా ఒప్పుకుందని! మోసమే వృత్తిగా బతికినవాడికి తాను మోసపోయిన సంగతి కూడా తెలియలేదు. నాకైతే వాడు అక్కడే ఓడిపోయాడు, యుద్ధం తర్వాతి లాంఛనం.

కృష్ణవేణి
మల్లెపందిరి గారూ, మీరు ఆపిన చోటినుంచి ఇంకో ముప్ఫై పంక్తులు ముందుకి వెళ్ళండి. ఎలిజబెత్ అటు వెళ్ళగానే వార్తలు మొదలవుతాయి. పడమటి తీరంలో రిచ్‌మండ్ ఓడలు కనపడ్డాయంటారు. ఎవరైనా నార్‌ఫోక్ ప్రభువు దగ్గరికి పరుగెత్తండి అని కేట్స్‌బీని తోలుతాడు. అతను కదలడు. ఏరా దద్దమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావేం అని తిడతాడు. ప్రభూ, వెళ్ళి ఏం చెప్పాలో మీరు చెప్పలేదు అంటాడు పాపం. ఇంకో అనుచరుడు రాట్‌క్లిఫ్‌ని సాల్స్‌బరీ వెళ్ళమంటాడు. అక్కడ నన్నేం చెయ్యమంటారు అని అతను అడిగితే, నేను రాకముందు నీకక్కడ ఏం పని అంటాడు. మీరేగా ముందు వెళ్ళమన్నారు అంటే, నా మనసు మారింది అంటాడు. ఇంకో దూత నోరు తెరవగానే చావు కబుర్లే తెస్తారా అని కొడతాడు. తీరా వాడు తెచ్చింది మంచి వార్త, ఎదురు తిరిగిన బకింగ్‌హామ్ సైన్యం వరదల్లో చెల్లాచెదురైందని. మళ్ళీ డబ్బుల సంచి ఇచ్చి సర్దుకుంటాడు.

క్లాసులో ఇది చదివితే పిల్లలు పగలబడి నవ్వుతారు. అప్పటిదాకా అతని జోకులకి నవ్వారు, ఇక్కడ అతన్ని చూసి నవ్వుతారు.

గోదారిగట్టు
మేడమ్, ఆ చెంపదెబ్బ నేను గమనించకుండా దాటేశాను, మళ్ళీ చదివాను, అద్భుతం. మరి దెయ్యాల సీన్ సంగతి? అంతరాత్మ మేలుకోవడం అంటారు కదా అందరూ.

నాటకాలరాయుడు
ఆ సీన్ వేదిక మీద చూడాల్సిందే. రెండు గుడారాలు, ఒకదాంట్లో రిచర్డ్, ఇంకోదాంట్లో రిచ్‌మండ్. మధ్యలోకి 11 మంది చచ్చినవాళ్ళు వరసగా వచ్చి ఇటు తిరిగి నాశనమైపో అని, అటు తిరిగి జయం కలుగుగాక అని చెప్పి వెళ్తారు. ఉలిక్కిపడి లేచి రిచర్డ్ తనతో తానే వాదించుకుంటాడు. ఇక్కడ హంతకుడు ఉన్నాడా? లేడు. ఉన్నాడు, నేనే. పారిపో. ఎవరి నుంచి, నా నుంచా? నన్ను ప్రేమించే ప్రాణి ఒక్కటీ లేదు, నేను చస్తే ఏడ్చేవాడు లేడు.

నన్నడిగితే పశ్చాత్తాపం కంటే భయం పాలే ఎక్కువ. తెల్లవారాక అంతరాత్మ పిరికివాళ్ళ మాట అని కొట్టిపారేస్తాడుగా. దెయ్యాలకన్నా నన్ను కదిలించేది వాటి తర్వాతి చిన్న ముక్క. రాట్‌క్లిఫ్‌ని వెంటబెట్టుకుని చీకట్లో సొంత సైనికుల గుడారాల బయట నక్కి వినడానికి వెళ్తాడు, ఎవడైనా తనని వదిలి పారిపోయే ఆలోచనలో ఉన్నాడేమోనని. ఇంగ్లండు రాజు!

గోడమీదపిల్లి
శాపాలూ దెయ్యాలూ అన్నీ బాగున్నాయి కానీ కాస్త నేలమీదకి రండి. శత్రువు బలం ఆరేడు వేలు, మనది అంతకి మూడింతలు అని రిచర్డే చెప్తాడు. అయినా ఓడాడంటే కారణం స్టాన్లీ. రిచ్‌మండ్ తల్లి మూడో మొగుడు. వాడిమీద అనుమానంతో కొడుకు జార్జిని బందీగా పట్టుకున్నాడు రిచర్డ్. యుద్ధం పొద్దున కబురు పంపితే స్టాన్లీ రానన్నాడు. కొడుకు తల నరకండి అన్నాడు రాజు. శత్రువు బురదనేల దాటేశాడు, యుద్ధం అయ్యాక నరుకుదాం అన్నాడు నార్‌ఫోక్. అంతే, జార్జి బతికిపోయాడు. హేస్టింగ్స్ తలని భోజనం వేళకి తెప్పించుకున్నవాడి ఆజ్ఞ ఇప్పుడు వాయిదా పడింది.

భయపెట్టి నిలబెట్టుకున్నవాళ్ళు భయం తగ్గగానే పోతారు. చరిత్రలోనూ యుద్ధాన్ని తిప్పింది ఈ స్టాన్లీ తమ్ముడు విలియమే. సరదా ఏంటంటే, ఆ విలియమ్‌నే 1495లో రాజద్రోహం కింద చంపించాడు, తాను గెలిపించిన రాజుగారు.

సందేహాలరావు
పేరుకి తగ్గట్టే రాశారు పిల్లి గారూ. మరి 'గుర్రం, గుర్రం, నా రాజ్యమిచ్చేస్తా ఒక గుర్రానికి' అనేది పారిపోవడానికేనా?

కృష్ణవేణి
కాదండీ, ఎక్కువమంది అలాగే అనుకుంటారు. కేట్స్‌బీ వచ్చి, వెనక్కి తగ్గండి ప్రభూ, గుర్రం నేను తెస్తాను అంటాడు. వాణ్ణి బానిసా అని తిట్టి, నా ప్రాణం పాచికల మీద పెట్టాను, ఏది పడితే అదే అంటాడు. ఈ యుద్ధంలో ఆరుగురు రిచ్‌మండ్‌లు ఉన్నట్టున్నారు, ఐదుగుర్ని చంపాను, అసలువాడు దొరకలేదు అంటాడు. గుర్రం కావాల్సింది ఆ ఆరోవాడిని వెతకడానికి. పిరికివాడని మాత్రం షేక్‌స్పియర్ ఎక్కడా అనలేదు. తెర లేవగానే నలభై పంక్తులు ఏకబిగిన మాట్లాడినవాడికి చచ్చే క్షణంలో ఒక్క పంక్తి కూడా ఇవ్వలేదు, అది మాత్రం కావాలనే చేశాడని నా అనుమానం.

మల్లెపందిరి
మేడమ్, ఒక మాట. ఎలిజబెత్ నిజంగా నాటకమాడిందా, లేక అప్పటికి మెత్తబడి తర్వాత మనసు మార్చుకుందా? మా అక్కయ్య రెండోదే అంటోంది. మూలంలో ఎక్కడా తేల్చి చెప్పలేదు మరి.

కృష్ణవేణి
చెప్పలేదు. నటి ఎలా చేస్తే అలా. నేను మీ వైపే.

కర్నూలు_కుర్రోడు
నేను అక్కయ్య వైపు. ఆవిడ చివరి మాటల్లో బెదురు ఉంది, రాజుకి ఎదురుచెప్పి బతికి బయటపడటం అంత వీజీ కాదు.

గోదారిగట్టు
వచ్చే నెలకి మాక్‌బెత్, రెండో రిచర్డ్ ఈ రెండింటి మధ్య ఓటింగ్ పెట్టాను, ఆదివారం రాత్రి దాకా తెరిచి ఉంటుంది. ఎలిజబెత్ గొడవ మాత్రం ఇక్కడే కానివ్వండి. నాలుగో అంకం నాలుగో రంగంలో ఆవిడ వెళ్ళిపోయే ముందు ఇరవై పంక్తులు ఎవరైనా తెలుగులో పెడితే అందరం ఒకేసారి చూసి మాట్లాడుకోవచ్చు.